కొత్త కారుకి సింథటిక్ ఆయిలా, మామూలుదా? 0డబ్ల్యూ-16 మన ఎండకి ఆగుతుందా?

కడప_కొత్తకారు
మారుతి 1.2 పెట్రోల్, 4,300 కి.మీ. తిరిగింది. పుస్తకంలో 0డబ్ల్యూ-16 పొయ్యమని ఉంది. ఇక్కడ స్పేర్ పార్టుల షాపాయన "అది ఆయిల్ కాదు నీళ్లు, మే నెల ఎండకి ఆవిరైపోతాది, 20డబ్ల్యూ-50 మినరల్ పోయించు, సగం ధరకే వస్తాది" అంటాడు. సర్వీస్ సెంటర్ వాళ్లేమో "ఫుల్ సింథటిక్ తప్పనిసరి సార్, దాంతోపాటు ఇంజన్ ఫ్లష్, ఇంజన్ కోటింగ్ కూడా" అని ఎస్టిమేట్ పంపారు. ఇద్దరూ అమ్ముకునేవాళ్లే, ఎవర్నీ నమ్మబుద్ధి కావడంలేదు. సింథటిక్‌కి పెట్టే డబ్బు దండగేనా? ఇంకోటి, 5,000కి మార్చాలా, 10,000 దాకా ఆగొచ్చా?

20డబ్ల్యూ50_వీరాభిమాని
షాపాయన చెప్పిందే నిజం. పల్చటి ఆయిల్ కంపెనీ వాళ్ల మైలేజీ సర్టిఫికెట్ కోసం, మీ ఇంజన్ కోసం కాదు. వారంటీ అయ్యాక అరిగితే వాళ్లకేం పోయింది? అంబాసిడర్లు 20డబ్ల్యూ-50 మీదే లక్షల కి.మీ. తిరిగాయి.

గ్రీజుచేతులు
ఆ అంబాసిడర్లకి అరిగిన సిలిండర్లని ఎన్నిసార్లు రీబోర్ చేయించారో కూడా చెప్పు వీరాభిమానీ.

చెదలమందు
😂 పాప్‌కార్న్ తెచ్చుకుంటా, కానివ్వండి.

బేస్ఆయిల్_బాబాయి
ముందు ఆ అంకెల సంగతి తేల్చుకుంటే సగం గొడవ తీరుతుంది. డబ్ల్యూకి ముందున్న అంకె చలిలో స్టార్ట్ చేసే సంగతి చెబుతుంది. 0డబ్ల్యూ ఆయిల్‌ని మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూని మైనస్ 30 దగ్గర, 20డబ్ల్యూని మైనస్ 15 దగ్గర పరీక్షిస్తారు. మన లంబసింగి చలి కూడా ఈ లెక్కలో వేసవికాలమే. వెనకున్న అంకె 100 డిగ్రీల దగ్గర ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. 16 అంటే 6.1 నుంచి 8.2 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) లోపు, 20 అంటే 6.9 నుంచి 9.3, 30 అంటే 9.3 నుంచి 12.5, 50 అంటే 16.3 నుంచి 21.9.

ఇప్పుడు కడప ఎండ. బయట 15 డిగ్రీలున్నా 45 డిగ్రీలున్నా కూలెంట్ వేడిని థర్మోస్టాట్, ఫ్యాను కలిసి ఇంచుమించు ఒకేచోట పట్టి ఉంచుతాయి. మామూలు నడకలో ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లో ఆయిల్ 90 నుంచి 110 డిగ్రీల మధ్య తిరుగుతుంది. బయటి ఎండ దానికి కొంచెం కలుపుతుందే తప్ప, 30 డిగ్రీలు పెరిగితే ఆయిల్ కూడా 30 డిగ్రీలు పెరగదు.

అందరూ మర్చిపోయేది ఇంకోటుంది. 0డబ్ల్యూ-16 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర దాదాపు 7 ఉంటే 40 డిగ్రీల దగ్గర 35 దాకా ఉంటుంది. అంటే మే నెల మధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారులో కూడా స్టార్ట్ చేసే క్షణానికి ఆయిల్ ఇంజన్‌కి కావాల్సిన దానికంటే ఐదింతలు చిక్కగా ఉంది. అదే 20డబ్ల్యూ-50 మినరల్ 40 డిగ్రీల దగ్గర 160 పైనే. ఏడుకి తగ్గట్టు కట్టిన ఇంజన్‌లో 160 పోస్తున్నారన్నమాట. ఎండాకాలంలో కూడా మనకి స్టార్టింగ్‌లో ఆయిల్ చిక్కదనమే సమస్య, పల్చదనం కాదు.

కడప_కొత్తకారు
మరి ఆవిరైపోవడం?

బేస్ఆయిల్_బాబాయి
దానికి నోయాక్ అనే పరీక్ష ఉంది. ఆయిల్‌ని 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత బరువు తగ్గిందో చూస్తారు. పెట్రోల్ కార్ల ఆయిల్‌కి ఇచ్చే ఇల్సాక్ జీఎఫ్-6 ముద్ర కావాలంటే 15 శాతం దాటకూడదు. కడపలో 250 డిగ్రీలు వచ్చిన రోజు ఆయిల్ గురించి ఎవరూ ఆలోచించరు. పైగా మందులు కలపకముందున్న మూల నూనెలో, అంటే బేస్ ఆయిల్‌లో, తేడా ఉంది. మామూలు బేస్ ఆయిల్‌లో చిన్నా పెద్దా అణువులు కలగాపులగంగా ఉంటాయి, వేడికి ముందు ఆ చిన్నవి లేచిపోతాయి. సింథటిక్‌లో అణువులు దాదాపు ఒకే సైజు. అందుకే ఒకే చిక్కదనం ఉన్న రెండు ఆయిళ్లు తీసుకుంటే ముందు తగ్గేది మినరలే.

గ్రీజుచేతులు
వీరాభిమానికి ఇంకో ముక్క. ఇప్పటి ఇంజన్లలో వాల్వ్ టైమింగ్ మార్చేది ఆయిల్ ప్రెషరే. ఆ ఆయిల్‌ని వదిలే కరెంటు వాల్వ్, అదే వీవీటీ సోలినాయిడ్‌కి ముందు సన్నటి జల్లెడ ఉంటుంది, దారులు పెన్సిల్ ములుకంత. చిక్కటి ఆయిల్ పోస్తే పొద్దున స్టార్టింగ్‌లో క్యామ్ చెప్పిన టైముకి తిరగదు, చైన్ టెన్షనర్‌లో ఆయిల్ నిండేదాకా గలగలమంటుంది, కొన్ని బండ్లలో చెక్ ఇంజన్ లైటే వెలుగుతుంది. స్కానర్ పెడితే క్యామ్ టైమింగ్ లేటు అని కోడు వస్తుంది. ఓనరేమో సోలినాయిడ్ కొంటాడు.

20డబ్ల్యూ50_వీరాభిమాని
సరే, 20డబ్ల్యూ-50 ఎక్కువే అనుకుందాం. కానీ 16 మరీ తక్కువ. బేరింగ్ మధ్య పొర పల్చనైతే లోహం లోహానికి తగలదా? నెల్లూరు హైవే మీద ఐదుగురూ లగేజీతో, ఏసీతో, మే నెలలో 110 మీద పోయే కారు గురించి చెప్పండి.

బేస్ఆయిల్_బాబాయి
ఇది అడగాల్సిన ప్రశ్నే. ఆ పొర బలాన్ని 150 డిగ్రీల వేడిలో, బేరింగ్‌లో ఉన్నంత ఒరిపిడిలో కొలుస్తారు, దాన్ని హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 16కి కనీసం 2.3, 20కి 2.6, 30కి 2.9, 5డబ్ల్యూ-40కి 3.5 ఉండాలి. 16కీ 30కీ తేడా ఉంది, కాదనను. ఆ తేడాకి తగ్గట్టే కంపెనీ బేరింగ్ వెడల్పు, ఆయిల్ పంపు, పిస్టన్ రింగులు చూసుకుంటుంది. 16 రాసిన ఇంజన్‌లో 16 సరిపోతుంది. 30 రాసిన పాత ఇంజన్‌లో 16 పోస్తే మాత్రం మీ భయం నిజమవుతుంది. మైలేజీ కోసమే పల్చన చేశారన్నది అబద్ధం కాదు. మైలేజీ కోసం చేశారు, దానికి తగ్గట్టు ఇంజన్ కూడా మార్చారు.

కడపాయనా, పుస్తకంలో ఆ పేజీ మళ్లీ తియ్యండి. ముందు సిఫారసు చేసిన గ్రేడ్ ఉంటుంది, దాని కిందో పక్కనో బయటి ఉష్ణోగ్రతల గీతలతో పట్టిక ఉంటుంది. అందులో ఇంకేవైనా గ్రేడ్లున్నాయా?

కడప_కొత్తకారు
ఉన్నాయి సార్. 0డబ్ల్యూ-16 ముందు, తర్వాత 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 కూడా. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 ఎక్కడా లేవు.

బేస్ఆయిల్_బాబాయి
ఐతే వీరాభిమానిగారి హైవే భయానికి మందు ఆ పట్టికలోనే ఉంది. ఎండాకాలం, నిండు లోడు, దూర ప్రయాణాలే ఎక్కువైతే 0డబ్ల్యూ-20 పోయించుకోండి. మైలేజీలో తేడా మీకు కనిపించేంత ఉండదు. పట్టిక దాటి బయటికి మాత్రం పోవద్దు.

20డబ్ల్యూ50_వీరాభిమాని
0డబ్ల్యూ-20 అయితే ఒప్పుకుంటా. 16కి నా మనసు ఒప్పదు.

చెదలమందు
హ్యాండిల్ మార్చుకోవాలి మరి. 0డబ్ల్యూ20_వీరాభిమాని.

లెక్కల_మాస్టారు
ఎవరూ డబ్బు సంగతి ఎత్తలేదు. మినరల్‌కీ సింథటిక్‌కీ లీటరుకి 250 రూపాయలు తేడా అనుకుందాం. మూడున్నర లీటర్లకి 875. 10,000 కి.మీ.కి పంచితే కి.మీ.కి తొమ్మిది పైసలు కూడా లేదు. మినరల్ పోసి 5,000కే మార్చేస్తానంటే రెండుసార్లు ఆయిల్, రెండు ఫిల్టర్లు, రెండుసార్లు కూలీ. చవక అనుకున్నది ఖరీదవుతుంది. ఎస్టిమేట్‌లో అసలు దండగ ఆ ఫ్లష్, కోటింగ్ అనేవి.

గ్రీజుచేతులు
మాస్టారి మాటకి నాదీ ఓటు. 4,300 కి.మీ. ఇంజన్‌లో ఫ్లష్ చేసి కడగడానికి ఏముంది? ఫ్లష్ అంటే కిరోసిన్ తరహా పల్చటి ద్రావకం, డిటర్జెంట్. అది వంద, రెండొందల మిల్లీలీటర్లు పాత ఆయిల్‌లో కలిపి పది నిమిషాలు ఐడిల్‌లో తిప్పుతారు. దింపినా అడుగున కొంత మిగులుతుంది, కొత్త ఆయిల్‌ని అంత పల్చన చేస్తుంది. అసలే 16. కోటింగ్ సంగతి ఇంకా సులువు: కంపెనీ పుస్తకంలో దాని పేరుందా అని అడగండి. ఉండదు. "వద్దు" అని జాబ్‌కార్డు మీద రాయించి, ఆ తర్వాతే సంతకం పెట్టండి.

సికింద్రాబాద్_సిగ్నల్
"ఫుల్ సింథటిక్" అని డబ్బా మీద ఉంటే చాలా? ఒకాయన అన్నడు, మన దగ్గర అమ్మేది సగం అసలు సింథటికే కాదని.

బేస్ఆయిల్_బాబాయి
ఆ మాటకి ఒక చరిత్ర ఉంది. బేస్ ఆయిళ్లని ఐదు గ్రూపులు చేశారు. ఒకటి, రెండు మామూలువి. మూడు కూడా ముడిచమురు నుంచి వచ్చిందే, కానీ హైడ్రోజన్‌తో, గట్టి ప్రెషర్ కింద అణువులని విరిచి మళ్లీ కట్టింది. నాలుగు అంటే పీఏఓ, పూర్తిగా రసాయనికంగా తయారుచేసింది. ఐదులో ఎస్టర్ల లాంటి మిగతావన్నీ. 1990లలో క్యాస్ట్రాల్ గ్రూప్ మూడుని సింథటిక్ అని అమ్మితే మొబిల్ ఫిర్యాదు చేసింది. 1999లో అమెరికా ప్రకటనల వివాదాలు చూసే సంస్థ, గ్రూప్ మూడుని కూడా సింథటిక్ అనొచ్చని క్యాస్ట్రాల్ పక్షాన తేల్చింది. ఆనాటి నుంచి చాలా దేశాల్లో అదే వాడుక. జర్మనీలో మాత్రం "పూర్తి సింథటిక్" అనే మాట గ్రూప్ నాలుగు, ఐదులకే, మూడుకి వేరే పేరు పెట్టుకున్నారు.

వాడుకునేవాళ్లకి దీంతో పెద్ద పనిలేదు. మంచి గ్రూప్ మూడు ఆయిల్ 10,000 కి.మీ. హాయిగా నడుస్తుంది. "సెమీ సింథటిక్" అన్న మాట దగ్గరే జాగ్రత్త: అందులో సింథటిక్ ఎంతుండాలన్న కొలత ఎక్కడా లేదు. పది శాతం కలిపినా సెమీయే.

మొదటి ప్రశ్నకి నా జవాబు కూడా ఇక్కడే ఉంది. 0డబ్ల్యూ అనే గుణం గ్రూప్ ఒకటి, రెండు మామూలు బేస్ ఆయిల్‌తో రాదు. మైనస్ 35 పరీక్షలో మైనం గడ్డకట్టేస్తుంది. మనకి ఆ చలి లేదు, నిజమే. కానీ ఆ పరీక్ష నెగ్గాలంటే మంచి బేస్ ఆయిల్ వాడక తప్పదు. అంచేత 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 కొన్నారంటే సింథటిక్ కొన్నట్టే. కొత్త కారుకి "సింథటిక్కా, మామూలుదా" అన్న ప్రశ్న పుస్తకంలో గ్రేడ్ చూసిన క్షణానే అయిపోయింది.

మిన్నెసోటా_మంచు
ఆ మొదటి అంకె మాకు బాగా పనికొస్తుంది బాబాయ్. ఇక్కడ జనవరిలో మైనస్ 25, 30 పడుతుంది. మామూలు 10డబ్ల్యూ-30 ఉన్న కారు ఆ చలిలో మూలుగుతుంది, ప్రెషర్ లైటు ఆరడానికి సెకన్లు లెక్కపెట్టాలి. ఇక్కడ 5డబ్ల్యూ-30లో మామూలు ఆయిల్ కూడా దొరుకుతుంది, అందుకే ఈ చర్చ ఇక్కడ ఇంకా బతికుంది. 2017లో అమెరికా వాహనదారుల సంఘం ట్రిపుల్ ఏ వాళ్లు రెండు రకాలూ పరీక్షించి సింథటిక్ సగటున 47 శాతం మెరుగు అని చెప్పారు.

లెక్కల_మాస్టారు
47 శాతం మెరుగంటే ఇంజన్ 47 శాతం ఎక్కువ బతుకుతుందని కాదు. ల్యాబ్ పరీక్షల మార్కుల సగటు అది. వాట్సాప్‌లో ఆ రెండోదే తిరుగుతోంది, అందుకే చెప్పా.

సికింద్రాబాద్_సిగ్నల్
10,000 సంగతికొస్తా. పొద్దుగాల ఎనిమిదింటికి గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద ఏసీ వేస్కొని నిలబడ్డ కారుకి కి.మీ. మీటర్ తిరగది, ఇంజన్ మాత్రం తిరుగుతనే ఉంటది. గంటకి సగటున 20 కి.మీ. పోయే కారు 10,000 తిరిగేసరికి ఇంజన్ 500 గంటలు నడుస్తది. హైవే మీద సగటు 60 అయితే 167 గంటలే. రెండింటికీ ఒకే 10,000 ఎట్లయితది?

గ్రీజుచేతులు
కాదు. అందుకే పుస్తకంలో "కఠిన పరిస్థితులు" అని వేరే పట్టిక ఉంటుంది: దుమ్ము రోడ్లు, రోజూ నాలుగైదు కి.మీ. చిన్న తిరుగుళ్లు, గంటల తరబడి ఐడిల్. వాటికి గడువు సగానికి దగ్గరగా తగ్గుతుంది. ఆ పేజీ ఎవరూ చూడరు. మన సిటీ డ్రైవింగంతా అదే పేజీ.

నా లెక్క: సిటీలోనే తిరిగేదైతే 7,000 నుంచి 7,500. హైవే ఎక్కువైతే 10,000. టాటా, స్కోడా లాంటివాళ్లు 15,000 అని రాసినా, సిటీ కారుకి నేనైతే 10,000 దాటనివ్వను. కి.మీ. తక్కువ తిరిగినా సరే ఏడాదికి ఒకసారి మార్చాల్సిందే. ఏడాదికి 3,000 తిరిగే కారు ఆయిలే ఎక్కువ పాడవుతుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కకముందే ఆపేస్తే ఆయిల్‌లో చేరిన నీళ్లూ పెట్రోలూ ఆవిరై పోవడానికి టైము దొరకదు. వానాకాలంలో ఆయిల్ మూత తీస్తే లోపల మజ్జిగ నురగలాంటిది కనిపించేది అందుకే. అదొక్కటే చూసి హెడ్ గాస్కెట్ పోయిందని భయపడొద్దు. ఒక గంట హైవే మీద తిప్పుకొచ్చి మళ్లీ చూడండి. అప్పటికీ ఉండి, కూలెంట్ కూడా తగ్గుతుంటే అప్పుడు షెడ్డుకి.

కడప_కొత్తకారు
మరి కొత్త ఇంజన్‌లో లోహపు రజను ఉంటుంది, 1,000కే ఒకసారి ఆయిల్ తీసెయ్యాలంటారు?

గ్రీజుచేతులు
తీసేస్తే మంచిదే అంటాను. మొదటి ఆయిల్ ఎండలో పట్టి చూస్తే మెరుపు కనిపిస్తుంది.

బేస్ఆయిల్_బాబాయి
ఇక్కడ గ్రీజుచేతులుతో నాకు కుదరదు. ఆ మెరుపు ఫిల్టర్‌కి చిక్కనంత సన్నటి రజను, సిలిండర్ గోడల్ని నున్నగా రుద్దే ఇప్పటి హోనింగ్‌లో అది తక్కువే. పైగా కొన్ని కంపెనీలు ఫ్యాక్టరీలో పోసే ఆయిల్‌లో, అసెంబ్లీ పేస్టులో అరుగుదల తగ్గించే మాలిబ్డినం లాంటివి ఎక్కువ వేస్తాయి. హోండా అయితే మొదటి ఆయిల్‌ని తొందరపడి తీయొద్దనే చెప్పింది. 1,000కి ఉచిత సర్వీసులో చూపించి, ఆయిల్ లెవెల్ మాత్రం సరిచూసుకోండి.

గ్రీజుచేతులు
5,000 దగ్గర మారిస్తే?

బేస్ఆయిల్_బాబాయి
అది జేబు ఇష్టం. ఇంజన్‌కి నష్టంలేదు, లాభం నేను చూపించలేను.

పాలమూరు_డీజిల్
బీఎస్6 డీజిల్ ముచ్చట ఎవ్వరూ ఎత్తుతలేరు. షెడ్డుల బ్యారెల్‌లకెళ్లి లారీల పోసే 15డబ్ల్యూ-40 పోస్తున్నరు. డీజిల్ డీజిలే కదా అంటున్నరు. ఏమన్నా అయితదా?

బేస్ఆయిల్_బాబాయి
అవుతుంది, అదీ ఖరీదుగా. బీఎస్6 డీజిల్ కారు సైలెన్సర్ దారిలో డీపీఎఫ్ ఉంటుంది, మసిని పట్టి ఉంచే జల్లెడ. మసి నిండినప్పుడు రీజనరేషన్‌లో కాలిపోతుంది. ఆయిల్‌లో ఉండే కాల్షియం, జింకు లాంటి లోహాలు మాత్రం కాలవు, బూడిదగా అక్కడే ఉండిపోతాయి. అందుకే ఈ కార్లకి బూడిద తక్కువుండే ఆయిల్ అడుగుతారు. డబ్బా వెనక ఏసీఈఏ (యూరప్ కార్ల కంపెనీల ప్రమాణం) సీ2 లేదా సీ3 అని చూడండి, వాటిలో బూడిద 0.8 శాతం దాటదు. సీ2కి హెచ్‌టీహెచ్‌ఎస్ కనీసం 2.9, సీ3కి 3.5, మీ పుస్తకం ఏదంటే అది. పాత లారీల సీఐ-4 ప్లస్ ఆయిల్‌లో బూడిద ఒకటిన్నర శాతం దగ్గర కూడా ఉంటుంది. సీకే-4లో 1 శాతం దాకా. ఒక్కసారి పోస్తే ఏమీ కాదు, అలవాటైతే డీపీఎఫ్ బూడిదతో మూసుకుపోతుంది, అది రీజనరేషన్‌తో పోయేది కాదు.

పాలమూరు_డీజిల్
ఇంకోటి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గాలె గాని పెరిగింది. ఎవడో రాత్రి వచ్చి పోసిపోయినట్టు.

చెదలమందు
అంత మంచి దొంగ ఏ ఊర్లో ఉంటాడు అన్నా, అడ్రస్ పెట్టు.

గ్రీజుచేతులు
అది దొంగ పోసింది కాదు, డీజిల్. రీజనరేషన్ కోసం సిలిండర్‌లో ఆలస్యంగా కొంత డీజిల్ కొడతారు. అది సగంలో ఆగిపోతే, అంటే ఊరికే నాలుగు కి.మీ. తిరిగి ఆపేస్తుంటే, ఆ డీజిల్ గోడల మీంచి చాంబర్‌లోకి దిగుతుంది. లెవెల్ మాక్స్ గీత దాటితే ఆయిల్ మార్చెయ్యాలి, కొంచెం తీసేసి లెవెల్ సరిచేసుకుంటే సరిపోదు, ఎందుకంటే మిగిలింది పల్చబడిపోయింది. డీపీఎఫ్ లైటు వెలిగితే ఇంజన్ ఆపకుండా 60 పైన ఇరవై నిమిషాలు తోలు. రోజూ బజారుకి, బడికి మాత్రమే తిరిగే ఇంటికి అసలు డీజిలే వద్దు, అది వేరే చర్చ.

టర్బో_తిక్కన
పెట్రోల్ టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ వాళ్లకి కూడా ఒక మాట. తక్కువ ఆర్పీఎంలో గట్టిగా తొక్కితే స్పార్క్‌కి ముందే మంట పుట్టే జబ్బు ఉంది, ఎల్ఎస్పీఐ అంటారు. "ఠక్" మన్న ఒక్క దెబ్బకే పిస్టన్ చిట్లొచ్చు. ఆయిల్‌లో కాల్షియం డిటర్జెంట్ ఎక్కువైతే ఆ ముప్పు పెరుగుతుందని తేలింది. అందుకే 2020 మేలో వచ్చిన, అమెరికా పెట్రోలియం సంస్థ ఇచ్చే ఏపీఐ ఎస్పీ ప్రమాణంలో దీనికి, టైమింగ్ చైన్ అరుగుదలకి వేరే పరీక్షలు పెట్టారు. 2025లో ఎస్క్యూ వచ్చింది, అదీ చెల్లుతుంది. ఎస్ఎన్, అంతకంటే పాతది చవగ్గా వస్తోందని టర్బోలో పొయ్యొద్దు. ఫోక్స్‌వాగన్, స్కోడా వాళ్లయితే ఏపీఐ ఒక్కటే చూస్తే చాలదు, 502, 504, 508 లాంటి వాళ్ల సొంత నంబర్లలో మీ పుస్తకం ఏది రాసిందో అదే నంబరు డబ్బా మీద ఉండాలి.

సీఎన్జీ_సుబ్బు
సీఎన్జీ కార్లకి?

బేస్ఆయిల్_బాబాయి
గ్రేడ్ పుస్తకంలోదే. గ్యాస్ మీద ఆయిల్‌లో మసి తక్కువ, చూడటానికి తేనెలా ఉంటుంది, అదే మోసం. మంట వేడి ఎక్కువ కాబట్టి నైట్రోజన్ ఆక్సైడ్‌లతో ఆయిల్ చిక్కబడుతుంది, వార్నిష్ పడుతుంది. రంగు చూసి "ఇంకా బాగుంది" అని గడువు పొడిగించొద్దు. దీనికి తిరగేసి డీజిల్: ఐదొందల కి.మీ.కే నల్లగా అవుతుంది, అది ఆయిల్ పనిచేస్తోందనే అర్థం.

వారంటీ_వకీలు
వారంటీ మాట ఎవరూ అనలేదు కాబట్టి. వారంటీ ఉన్నన్నాళ్లూ పుస్తకంలోని గ్రేడ్, పుస్తకంలోని గడువు, రెండూ దాటొద్దు. బయట కొన్న ఆయిల్ అయితే బిల్లు మీద గ్రేడ్, ఏపీఐ రకం, లీటర్లు, ఆరోజు కి.మీ. రాయించుకోండి. "1 ఇంజన్ ఆయిల్" అని రాసిన చీటీ రేపు దేనికీ పనికిరాదు. స్పేర్ పార్టులు బయటి మెకానిక్‌లకి అందనివ్వకపోవడం, బయట బాగుచేయిస్తే వారంటీ పోతుందని బెదిరించడం లాంటివాటి మీదే 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్లు జరిమానా వేసింది, అది అప్పీళ్లకి పోయింది. ఆ తీర్పు జేబులో పెట్టుకుని 20డబ్ల్యూ-50 పోస్తే మాత్రం ఏ వకీలూ కాపాడలేడు.

కడప_కొత్తకారు
సరే, 0డబ్ల్యూ-20 సింథటిక్ ఖాయం చేసుకున్నా. ఫ్లష్, కోటింగ్ వద్దని చెప్పేశా. దగ్గర నిలబడి ఏమేం చూసుకోవాలి?

గ్రీజుచేతులు
వరసగా చెప్తా.

పుస్తకంలో రెండు లెక్కలుంటాయి: ఫిల్టర్ మార్చకుండా ఎంత, మార్చితే ఎంత. నీకు రెండోది కావాలి, ఇలాంటి చిన్న పెట్రోల్‌కి మూడు లీటర్ల పైచిలుకు. బిల్లులో నాలుగు లీటర్లు వేసి మిగిలింది ఇవ్వకపోతే అడుగు.

ఇంజన్ ఐదు నిమిషాలు తిప్పి గోరువెచ్చగా ఉన్నప్పుడు దింపాలి. ర్యాంపు మీద కారు సమంగా ఉండాలి, పైన ఆయిల్ మూత తీసి ఉంచాలి. డ్రైన్ బోల్ట్ తీశాక ధార ఆగి చుక్కలు పడేదాకా పది, పదిహేను నిమిషాలు ఆగమను. హడావిడిలో మూడు నిమిషాలకే బోల్ట్ బిగించేస్తారు, పాతది పావులీటరు లోపలే ఉంటుంది.

ఫిల్టర్ విప్పాక పాత రబ్బరు రింగు ఇంజన్‌కే అంటుకుని ఉందేమో వేలితో తడిమి చూడమను. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులవుతాయి, హైవే మీద ప్రెషర్ పెరగ్గానే ఆయిలంతా ఒక్క దెబ్బన బయటికి. కొత్త రింగుకి చుక్క ఆయిల్ రాసి, చేత్తో తగిలేదాకా తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు. రెంచీ అక్కర్లేదు.

డ్రైన్ బోల్ట్‌ని గాలి గన్నుతో బిగించనివ్వకు. ముందు చేత్తో నాలుగు చుట్లు, తర్వాత టార్క్ రెంచీ. చాలా చిన్న కార్లకి 30 నుంచి 40 న్యూటన్ మీటర్లు, ఖచ్చితమైన అంకె వర్క్‌షాప్ పుస్తకంలో ఉంటుంది. అల్యూమినియం చాంబర్‌కి త్రెడ్డు పోతే హెలికాయిల్ అనే కొత్త త్రెడ్డు చుట్ట వెయ్యాలి లేదా చాంబరే మార్చాలి.

చెప్పినదానికంటే ఒక పావులీటరు తక్కువ పోసి స్టార్ట్ చెయ్యాలి. ప్రెషర్ లైటు ఆరిందా చూసి ఒక నిమిషం తిప్పి ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ తుడిచి పెట్టి చూడాలి. రెండు గీతల మధ్య, పై గీతకి కొంచెం కిందుంటే బ్రహ్మాండం. మాక్స్ దాటితే క్రాంక్ ఆయిల్‌ని చిలుకుతుంది, నురగొస్తుంది, పంపుకి గాలి తగులుతుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకునేవాళ్లు చాలామంది, అది పులిహోర పోపు కాదు.

ఖాళీ డబ్బాలు నీ కళ్లముందే కోయించు లేదా స్క్రూడ్రైవర్‌తో పొడిపించు. చెక్కుచెదరని అసలు కంపెనీ ఖాళీ డబ్బాకి మార్కెట్లో గిరాకీ ఉంది, అందులో ఏం పోసి అమ్ముతారో తెలుసుగా.

చెదలమందు
తీసేసిన పాత ఆయిల్ మాకివ్వండి. సెంట్రింగ్ చెక్కలకి, పెరట్లో గుంజల చెదలకి అదే మందు. హ్యాండిల్ ఊరికే రాలేదు.

బేస్ఆయిల్_బాబాయి
పెరట్లో మాత్రం వద్దు తమ్ముడూ. ఒక చెంబుడు పాత ఆయిల్ బావి నీళ్లని ఏళ్ల తరబడి పాడుచేస్తుంది, చేతికి తగలడమూ మంచిది కాదు. సర్వీస్ సెంటర్ డ్రమ్ములోనే వదిలెయ్యండి, రీరిఫైనింగ్‌కి పోతుంది.

సికింద్రాబాద్_సిగ్నల్
మిగిలిన అర లీటరు బైకుల పోస్తే?

గ్రీజుచేతులు
వద్దే వద్దు. చాలా బైకుల్లో క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. పల్చటి కారు ఆయిల్‌లో జారుడు కోసం వేసే మందుకి క్లచ్ ప్లేట్లు జారతాయి, రయ్యిమంటుంది గానీ బండి కదలదు. బైకుకి జపాన్ బైకు ఆయిల్ ప్రమాణం జాసో ఎంఏ2 ముద్ర ఉన్నదే. ఆ అర లీటరు మూత బిగించి డిక్కీలో ఉంచుకో, టాపప్‌కి. దారిలో అదీ లేక వేరే గ్రేడ్ పొయ్యాల్సి వచ్చినా భయంలేదు, సింథటిక్, మినరల్ కలిస్తే విరిగిపోవు. ఆయిల్ లేకుండా నడపడం కంటే ఏదైనా మేలు.

కడప_కొత్తకారు
సర్వీస్ అడ్వైజర్‌కి ఇలా మెసేజ్ పెట్టా: 0డబ్ల్యూ-20, ఏపీఐ ఎస్పీ లేదా ఎస్క్యూ, కంపెనీ ఫిల్టర్, ఫ్లష్ వద్దు, కోటింగ్ వద్దు, గాలి గన్ను వద్దు, డబ్బాలు నా ముందే కొయ్యాలి. ఇంకేమన్నా మిగిలిందా?

గ్రీజుచేతులు
డ్రైన్ బోల్ట్ వాషర్. కొత్తది వెయ్యమను. ఒకసారి నలిగినది మళ్లీ సరిగ్గా కూర్చోదు, చుక్క చుక్కగా కారుతుంది.

20డబ్ల్యూ50_వీరాభిమాని
ఆ వాషర్ ఏ షాపులోనైనా దొరుకుతుంది. షాపాయన్నే అడుగు, అదొక్కటీ ఆయన దగ్గర కొను.